కారు ఎందుకు కారుతుంది?

పేరులోనే ఉంది కదా అని నవ్వెయ్యకండి. ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కోవడానికి నాకు రెండు నెలలూ, రెండు సిలికాన్ ట్యూబులూ, కొంత పరువూ ఖర్చయ్యాయి.

జులైలో ఒక రోజు ఆఫీసుకి బయల్దేరుతూ, పక్క సీటు కింద పడిపోయిన ఐడీ కార్డు కోసం చెయ్యి పెడితే కార్పెట్టు చిత్తడిగా తగిలింది. పిల్లది నీళ్ళ సీసా ఒలకబోసిందేమో అనుకున్నా. రెండ్రోజులకి ముక్క వాసన మొదలైంది. ఇంకో వారానికి డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగు లైటు వెలిగింది, ఇక ఆరలేదు. విషయం ఏమిటంటే, ముందు సీట్ల కింద పసుప్పచ్చ ప్లగ్గులు కొన్ని ఉంటాయి. ఎయిర్‌బ్యాగు, సీటుబెల్టు వ్యవస్థ వైర్లు వాటిలోంచే వెళ్తాయి. అందులో ఒకటి తడిసి చిలుం పట్టింది. లైటు వెలిగిందంటే అర్థం, గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటుందన్న భరోసా లేదని. మా ఆవిడ రోజూ కూర్చునే సీటు అది. అప్పటిదాకా "వాసనే కదా" అనుకున్న వ్యవహారం ఆ రోజు నుంచి వేరే అయిపోయింది.

సర్వీసు సెంటరుకి తీసుకెళ్తే, ముందు అద్దం ఊడదీసి మళ్ళీ అతికించాలి, వైరింగు కొంత మార్చాలి, మొత్తం నలభై వేలు అన్నారు. నీళ్ళు అద్దం దగ్గర్నుంచే వస్తున్నాయని ఎలా తెలిసిందండీ అంటే, "సాధారణంగా అక్కణ్ణుంచే వస్తాయి సార్" అన్నాడు అక్కడి కుర్రాడు. లాగ్ చూడకుండా ప్రొడక్షన్‌లో కోడ్ మార్చేద్దామనే మనిషిలా అనిపించాడు నాకు. అంత పొగరుగా ఇంటికొచ్చి నేను చేసిన పని ఇంకా ఘనమైనది. సిలికాన్ ట్యూబు కొని, బానెట్టు ఎత్తి, అద్దం కింద కనపడ్డ ప్రతి సందూ, ప్రతి కన్నమూ మూసేశాను. తర్వాతి వానకి కార్పెట్టు తడవడం కాదు, ఏకంగా నీళ్ళు నిలబడ్డాయి.

దాంతో పుస్తకాలు, పాత వ్యాసాలు తిరగేయడం మొదలుపెట్టాను. అసలు కారులోకి నీళ్ళు రాకుండా మనుషులు ఏం చేశారు, ఎప్పుడు చేశారు, ఎక్కడ తప్పారు అని. చదివినకొద్దీ నేను చేసిన తప్పు ఎంత పాతదో తెలిసొచ్చింది.

మొదట్లో ఈ సమస్యే లేదు. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు తీసుకున్న బండి మూడు చక్రాల మీద ఒక బల్ల, అంతే. పైకప్పు లేదు, తలుపులు లేవు. వాన పడితే మనిషి తడుస్తాడు, బండి తడుస్తుంది, నీళ్ళు కిందకి కారిపోతాయి. లోపలా బయటా అనే తేడా లేనిచోట లీకు అనే మాటకి అర్థమే లేదు. తర్వాత వచ్చిన బండ్లకి గుర్రపు బగ్గీల లాగే మడిచే తోలు టాపు, పక్కల తెరలు వచ్చాయి. ముందు అద్దం వచ్చింది. అద్దం వచ్చాక దాని మీద పడే వానని తుడవాలి. 1903లో మేరీ ఆండర్సన్ అనే అమెరికన్ మహిళ వైపరుకి పేటెంటు తీసుకుంది. న్యూయార్కులో ట్రాములో వెళ్తూ, మంచు పడుతుంటే డ్రైవరు ముందు చూడలేక పడే అవస్థ చూసి ఆవిడకి ఆ ఆలోచన వచ్చిందట. పేటెంటు కాలం తీరిపోయేదాకా ఆవిడకి దాని మీద డబ్బేమీ రాలేదు. అది వేరే కథ.

అసలు కథ 1920లలో మొదలవుతుంది. 1919లో అమెరికాలో తయారైన కార్లలో సుమారుగా పదింట తొమ్మిది ఓపెన్ కార్లే. పదేళ్ళు తిరిగేసరికి లెక్క తలకిందులైంది, పదింట తొమ్మిది క్లోజ్డ్ కార్లు. హడ్సన్ కంపెనీ తన ఎసెక్స్ కోచ్‌ని 1922 మోడలుగా మరీ ఖరీదు లేకుండా అమ్మడం ఈ మార్పుకి పెద్ద ఊపునిచ్చింది. అంతవరకూ మూసిన కారు డబ్బున్నవాళ్ళ సొత్తు.

అయితే ఆ మూసిన కార్లు ఎలా కట్టేవాళ్ళో చూడండి. లోపల కర్ర చట్రం, దాని మీద రేకు. పైకప్పు మధ్యభాగం మాత్రం రేకు కాదు, గుడ్డ! కారు కప్పంత వెడల్పున్న ఉక్కు రేకుని సాగదీసే మిల్లులు అప్పటికి లేవు. కాబట్టి మధ్యలో కర్ర పట్టీలు, వాటి మీద దూది, దాని మీద నీరు ఇంకకుండా పూత పూసిన గుడ్డ పరిచి, అంచుల వెంబడి మేకులు కొట్టేవాళ్ళు. మన పెంకుటిళ్ళకి ఏటేటా నేత నేయించుకున్నట్టు, ఆ కప్పుకి అప్పుడప్పుడూ పూత వేయించుకోవాలి. వేయించకపోతే మేకు కన్నాల్లోంచి నీళ్ళు దిగి, లోపలున్న కర్ర కుళ్ళేది. కుళ్ళడం బయటికి కనపడదు, తలుపు వేలాడ్డం మొదలయ్యాకే తెలిసేది.

ఫిలడెల్ఫియాలో ఎడ్వర్డ్ బడ్ అనే ఇంజనీరు 1910లలోనే డాడ్జ్ కార్ల కోసం కర్ర లేకుండా ఉక్కు రేకులు వెల్డింగు చేసి బాడీలు కట్టడం మొదలుపెట్టాడు. ఇక కప్పు మొత్తం ఒకే ఉక్కు రేకుగా రావడం జనరల్ మోటార్స్ వాళ్ళ "టరెట్ టాప్"తో, 1935 మోడళ్ళలో. ఆ దెబ్బతో నెత్తి మీద గుడ్డ గొడవ వదిలింది.

హమ్మయ్య, లీకులు పోయాయి అనుకుంటున్నారా? ఒక బగ్ ఫిక్స్ చేస్తే ఇంకోటి లేస్తుందని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు రేకుల్ని చుక్కలు చుక్కలుగా వెల్డు చేస్తారు. చుక్కకీ చుక్కకీ మధ్య సందు ఉంటుంది. ఆ సందుల్ని మైనం లాంటి సీలరుతో నింపాలి. ఆ సీలరు ఒకచోట తప్పినా, ఏళ్ళు గడిచి పగిలినా నీళ్ళకి దారి దొరికినట్టే. పైగా రేకు ఏది పైన, ఏది కింద అన్నది కూడా ముఖ్యమే. దీనికి ఇంగ్లండులో ఒక గొప్ప ఉదాహరణ ఉంది.

మినీ కారు చాలామందికి తెలిసే ఉంటుంది. అలెక్ ఇసిగోనిస్ డిజైను. 1956 సూయజ్ గొడవతో పెట్రోలుకి కటకట వచ్చాక, తక్కువ తాగే చిన్న కారు త్వరగా కావాలని బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అధిపతి లియొనార్డ్ లార్డ్ తొందరపెట్టాడు. 1959 ఆగస్టు 26న విడుదల చేశారు. ఇంజన్ని అడ్డంగా పెట్టి, చక్రాల్ని నాలుగు మూలలకీ తోసి, పది అడుగుల కారులో నలుగురికి చోటు చేసిన అద్భుతం అది. ఆ తర్వాతి చిన్న కార్లన్నీ ఏదో ఒక రకంగా దాని సంతానమే.

ఆ అద్భుతం కొన్నవాళ్ళ కాళ్ళ కింద నీళ్ళు. చినుకులు కాదు, కార్పెట్లు నానిపోయేటన్ని నీళ్ళు. 1959లో ఇంగ్లండులో మే నుంచి సెప్టెంబరు దాకా వానలు దాదాపు మొహం చాటేశాయి. అంత పొడిగా ఉన్న వేసవి మధ్యలో విడుదలైన కారుకి అసలు పరీక్ష ఆ శీతాకాలపు వానల్లో, కొన్నవాళ్ళ చేతుల్లో జరిగింది. టెస్టు ఎన్విరాన్‌మెంటులో ఉన్న డేటాకీ ప్రొడక్షన్‌లో వచ్చే డేటాకీ పొంతన లేకపోతే ఏమవుతుందో మన వృత్తిలో ఉన్నవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు కదా.

వాళ్ళ వేట మన వేటలాగే సాగింది. నీళ్ళు తలుపుల పక్కనుండే పెట్టె లాంటి సిల్లుల్లో చేరి లోపలికి వస్తున్నాయని తెలిసి, ఆ సిల్లుల్ని నురుగు పదార్థంతో నింపారు. అంటే, కనపడ్డ ఖాళీని మూసేశారు. అసలు తప్పు అడుగున ఉంది. కారు అడుగు రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కేచోట అతుకు తిరగబడి ఉంది. అతుకు నోరు ముందువైపుకి తెరుచుకుని ఉండటంతో, ముందు చక్రాలు చిమ్మిన నీళ్ళు గరిటెతో తోడినట్టు అందులోకి ఎక్కేవి. పెంకులు నేసేటప్పుడు పై వరస కింది వరస మీదికి రావాలని మనూళ్ళో పెంకులు నేసే ఎవర్నడిగినా చెప్తారు. తలకిందులుగా నేస్తే ఎన్ని పెంకులు వేసినా ఇల్లు కురుస్తుంది. చివరికి ఆ అతుకు వరస మార్చాక దారిన పడింది. కారుతో పాటు ఒక జత గమ్ బూట్లు కూడా ఇవ్వాల్సిందని అప్పట్లో జోకులేసుకునేవాళ్ళట.

ఇక్కడ నాకు నచ్చింది తప్పు జరగడం కాదు, అది దొరకడానికి ఎందుకంత ఆలస్యమైంది అన్నది. నీళ్ళు కనపడేది ఒకచోట, వచ్చేది ఇంకోచోట. నీరు పల్లమెరుగు అంటారుగా. రేకు వెంబడి, వైరు వెంబడి, కార్పెట్టు కింద స్పాంజి వెంబడి జారుకుంటూ పోయి తనకి అనువైన పల్లంలో చేరుతుంది. కారు ఎటు వాలుగా పార్కు చేస్తే అటువైపు తడి తేలుతుంది. స్టాక్ ట్రేసు లేని బగ్ అన్నమాట.

ఇక రబ్బరు సంగతి. తలుపుకీ ఫ్రేముకీ మధ్య మన మెకానిక్కులు బీడింగు అని పిలిచేది లేకపోతే మూసిన కారు అన్న ఊహే లేదు. 1823లో స్కాట్లండులో చార్లెస్ మాకింటాష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పెట్టి వానకోటు గుడ్డకి పేటెంటు తీసుకున్నాడు. ఆ రబ్బరు ఎండకి జిగురయ్యేది, చలికి కట్టెయ్యేది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి వేడిచేస్తే రబ్బరు స్థిరపడుతుందని కనుక్కున్నాక అది నమ్మదగిన వస్తువైంది. అయినా సహజ రబ్బరుకి ఎండా, గాలిలోని ఓజోనూ పడవు, పగుళ్ళిస్తుంది. 1960లలో ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు మార్కెట్లోకి వచ్చి, క్రమంగా కార్ల బీడింగులన్నీ దానికి మారాయి. అది చాలాకాలం మన్నుతుంది. శాశ్వతం మాత్రం కాదు. మన హైదరాబాదులోనో విజయవాడలోనో మే నెల ఎండలో నిలబెట్టిన కారుని అడిగితే చెప్తుంది.

ముందు అద్దాన్ని కూడా మొదట్లో లావుపాటి రబ్బరు చట్రంలో ఇరికించేవాళ్ళు. 1970ల నుంచి యురేథేన్ జిగురుతో నేరుగా బాడీకి అతికించడం పెరిగింది. దాంతో అద్దం కారు బలంలో భాగమైంది. చాలా కార్లలో పక్క సీటు ఎయిర్‌బ్యాగు తెరుచుకునేటప్పుడు ఆ అద్దాన్నే ఆనుకుంటుంది కూడా. అందుకని, అద్దం నిజంగా లీకవుతుంటే పైన సిలికాన్ పూసి సరిపెట్టుకోకూడదు. జిగురు పట్టు ఎక్కడో పోయిందని దాని అర్థం. ఆ పని తెలిసినవాళ్ళ చేత చేయించాల్సిందే.

ఈ వంద చిల్లర ఏళ్ళ కథలో అన్నిటికంటే ముఖ్యమైన మలుపు ఇంకోటి ఉంది. అంబాసిడర్ కారుని గుర్తు తెచ్చుకోండి. అదీ ఆ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి వచ్చిందే. 1957 ప్రాంతం నుంచి 2014 దాకా బెంగాల్లోని ఉత్తర్‌పాడాలో తయారైంది. దాని తలుపుల పైన, కప్పు అంచు వెంబడి ఒక గాడి బయటికి కనపడుతూ ఉంటుంది. అచ్చం ఇంటి చూరుకి కట్టిన రేకు కాలవ లాగా. కప్పు మీద పడ్డ వాన ఆ గాడిలో పారి, ముందుకో వెనక్కో జారిపోతుంది. ఎవరికైనా అర్థమయ్యే ఏర్పాటు.

1973లో చమురు ధరలు పేలాక అందరికీ గాలి నిరోధం గుర్తొచ్చింది. బయటికి పొడుచుకొచ్చిన ప్రతిదీ శత్రువే అయింది. 1982లో వచ్చిన ఆడి 100 అద్దాల్ని బాడీతో సమానంగా నున్నగా పెట్టి, గాలి నిరోధాంకాన్ని 0.30కి దించి అందర్నీ ఆశ్చర్యపరిచింది. ఆ దశాబ్దంలో చూరు కాలవలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. మాయమవడం అంటే పోవడం కాదు, లోపలికి వెళ్ళాయి. తలుపు అంచు కిందకీ, బీడింగు వెనక్కీ, స్తంభాల లోపలికీ.

నాకు ఒళ్ళు జలదరించింది ఇక్కడే. ఇప్పటి కారు నీళ్ళని రానివ్వకుండా ఆపే డబ్బా కాదు. నీళ్ళని కావాలనే లోపలికి రానిచ్చి, తను చెప్పిన దారిలో బయటికి పంపే ఏర్పాటు. ఒక్కొక్కటీ చూడండి.

తలుపు అద్దం కిందకి దిగే సందులోంచి వాన నీళ్ళు తలుపు లోపలికి పోతూనే ఉంటాయి. ప్రతి కారులోనూ పోతాయి. తలుపు అడుగున ఉన్న చిన్న కన్నాల్లోంచి బయటపడతాయి. మన మోకాలి వైపుకి రాకుండా లోపల ఒక ప్లాస్టిక్ కాగితం అతికించి ఉంటుంది. స్పీకరు మార్పించినప్పుడు కుర్రాళ్ళు దాన్ని చింపేస్తే అయిపోయినట్టే.

సన్‌రూఫ్ కూడా నీళ్ళు చొరకుండా బిగించిన మూత కాదు. చుట్టూ ఒక తొట్టి, మూలల నుంచి సన్నటి గొట్టాలు, అవి స్తంభాల్లోంచి దిగి కింద తెరుచుకుంటాయి. దుమ్ముతో గొట్టం పూడుకుంటే నీళ్ళు నెత్తి మీదో, కాళ్ళ కిందో.

ఏసీ సరేసరి. కారు ఏసీని 1940 మోడళ్ళలో ప్యాకార్డ్ వాళ్ళు మొదటిసారి అమ్మారు. గాలిలోని తేమ చల్లటి కాయిలు మీద నీరవుతుంది, దాన్ని ఒక గొట్టం రోడ్డు మీదకి వదులుతుంది. ఆ గొట్టం మూసుకుంటే వాన లేకుండానే పక్క సీటు వైపు తడి.

1964లో ఫోర్డ్ కార్టినా "ఏరోఫ్లో" అని లోపలి గాలి వెనకనుంచి బయటికి పోయే ఏర్పాటు తెచ్చింది. ఇప్పుడు చాలా కార్లలో ఆ గాలి మూతలు వెనక బంపరు చాటున ఉంటాయి. వాటి రబ్బరు పాడైతే డిక్కీలో స్టెప్నీ ఈత కొడుతుంది.

ఇక ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఉండే జాలీ. అద్దం మీద పడ్డ వాన అంతా దాంట్లోకే దిగుతుంది. దాని కింద తొట్టి, తొట్టికి రెండు పక్కలా కన్నాలు. ఏసీకి బయటి గాలి వెళ్ళేది కూడా ఆ తొట్టిలోంచే. కన్నాలు పూడుకుంటే తొట్టి నిండుతుంది, నిండితే గాలి దారిలోంచి నీళ్ళు కారులోకి దిగుతాయి.

నేను సిలికాన్‌తో మూసింది సరిగ్గా ఆ కన్నాల్నే :)

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నాడు, కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తాడు. పరువు పక్కనపెట్టి ఆయన దగ్గరికి వెళ్ళాను. జాలీ ఊడదీసి, వేళ్ళు పెట్టి గుప్పెడు కుళ్ళిన వేపాకు బయటికి లాగాడు. కింద నా సిలికాన్ చూసి కాసేపు ఏం మాట్లాడలేదు. "సార్, మీరు నీళ్ళు వచ్చే తొవ్వ ఎతుకుతున్నరు. పోయే తొవ్వ మూస్తే రాక ఏం జేస్తయి?" అన్నాడు. సిలికాన్ గీకి తీయడానికి నాకు ఒక ఆదివారం పట్టింది. కార్పెట్టూ, దాని కింద స్పాంజీ పూర్తిగా బయటికి తీసి మూడ్రోజులు ఎండబెట్టాం. పసుపు ప్లగ్గు మార్చడానికి మటుకు, బ్యాటరీ తీసి కొంతసేపు ఆగి చేయాల్సిన పని, ఆ వ్యవస్థ తెలిసినవాళ్ళే ముట్టుకోవాలి అన్నాడాయన. అది వేరేచోట చేయించాను. అన్నీ కలిపి నలభై వేలలో పదోవంతు కూడా కాలేదు.

ఇదంతా చదివాక, చేశాక, నేను నేర్చుకున్న వరస చెప్తాను. ఎవరికైనా పనికొస్తుంది.

ముందు ఆ నీళ్ళు ఏవో చూడండి. వాన లేని రోజు, ఏసీ వేసినప్పుడే వస్తే ఏసీ గొట్టం. జిగటగా, రంగుగా, తియ్యటి వాసనతో ఉంటే అది వాన కాదు, హీటరు దగ్గర కూలెంటు కారుతోంది. ఇంజను వేడెక్కకముందే చూపించండి. ఈ రెండూ కాకపోతే కార్పెట్టు ఎత్తి, లోపల పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు మొదలెట్టండి. తడి మీద తడి వెతికితే ఏమీ తెలీదు. జాలీ, తలుపు అడుగు, సన్‌రూఫ్ గొట్టాలు, అన్ని కన్నాలూ శుభ్రం చేయండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయని నా నమ్మకం. అప్పటికీ కారుతుంటే ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి, ఇంకొకరు బయట పైపుతో నీళ్ళు పట్టాలి. కింది నుంచి మొదలెట్టి కొంచెం కొంచెంగా పైకి, ఒక్కోచోట కొన్ని నిమిషాలు. మొదటే పైనుంచి పోస్తే అన్నిచోట్లా తడిసి ఏది దారో తెలీదు. బీడింగు అనుమానమైతే, కాగితం ముక్క తలుపులో పెట్టి మూసి లాగి చూడండి. వదులుగా వచ్చేస్తే అక్కడ పట్టు లేదు. కారు అడుగున రబ్బరు బిరడాలు కూడా చూడండి. ఫ్యాక్టరీలో బాడీని రంగు తొట్టిలో ముంచి తీసినప్పుడు రంగు కారిపోవడానికి పెట్టిన కన్నాలవి, తర్వాత బిరడాలతో మూస్తారు. ఒక బిరడా ఊడినా చాలు. దారి దొరికేదాకా సిలికాన్ ట్యూబు మూత మాత్రం తీయకండి.

మన పెద్దవాళ్ళకి ఇది కొత్త పాఠం కాదు. చెరువు కట్టేటప్పుడు కట్టతో పాటు తూము, అలుగు కూడా ఆలోచించేవాళ్ళు. అలుగు మూసేసి కట్ట ఎంత ఎత్తు లేపినా, ఒక పెద్ద వాన చాలు. నేను కట్ట ఎత్తు పెంచే పనిలో ఉండి అలుగుకి సిమెంటు వేశాను.

ఎయిర్‌బ్యాగు లైటు ఆరిపోయింది. మొన్నటి వానకి పొద్దున్నే లేచి, మా ఆవిడ సీటు ముందు చెయ్యి పెట్టి చూశా. పొడిగా ఉంది. పార్కింగు మాత్రం ఆ వేపచెట్టు కిందే, ఇంకోచోటు లేదు. అందుకే నెలకోసారి జాలీ తీసి ఆకులు ఎత్తిపోయడం ఇప్పుడు మా ఇంట్లో నా పని.